థీసిస్ సంగతి సరే, నీ సంగతేంటి?

మొన్నామధ్య ఒక శనివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో, మా అక్క కొడుకు దగ్గర్నుంచి ఫోను. వాడు ఇంగ్లండులో పీహెచ్‌డీలో చేరి నాలుగు నెలలయింది.

"మావయ్యా, మీ కంపెనీలో ఏడాదికోసారి గోల్స్ అవీ రాస్తారు కదా. అలాంటి ఫారం ఒకటి ఇక్కడ మాకూ ఇచ్చారు. పర్సనల్ డెవలప్‌మెంట్ ప్లాన్ అట. సోమవారంలోగా నింపాలి. నీ దగ్గర పాతదేమన్నా ఉంటే పంపవా, పేర్లు మార్చేసి పెట్టేస్తా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే నేను చేసేదీ అదే. పోయినేడాది గోల్ షీట్ తెరవడం, సంవత్సరం అంకె మార్చడం, కిందటిసారి "నేర్చుకుంటాను" అన్న క్లౌడ్ సర్టిఫికేషన్‌ని ఈసారి కూడా "నేర్చుకుంటాను" అని ఉంచెయ్యడం. ఇరవయ్యేళ్ళ పైనుంచీ ఈ పరిశ్రమలో ఉన్న ఎవర్నడిగినా ఇదే చెప్తారు. ఒప్పుకోనివాళ్ళు హెచ్ఆర్‌లో పనిచేస్తున్నట్టు లెక్క.

"సరేరా అల్లుడూ, సాయంత్రం పంపిస్తాలే" అని ఫోను పెట్టేశాను. కానీ నిద్ర పట్టలేదు. ఆ ఫారం గురించి కాదు. నాకు 2001లో అలాంటి ఫారం ఒకటి ఎవరన్నా ఇచ్చి, ఎదురుగా కూచుని నింపించి ఉంటే ఏమయ్యుండేదా అని.

సంగతేంటంటే, నేనూ పీహెచ్‌డీ మొదలుపెట్టినవాణ్ణే. 1999లో చేరాను, 2003లో వదిలేశాను. ఈ విషయం మా టీములో చాలామందికి తెలీదు. నా రెజ్యూమేలో ఆ నాలుగేళ్ళూ "రీసెర్చ్ ఎక్స్‌పీరియన్స్" అనే ఒక్క లైనులో దాక్కునుంటాయి.

మాటల సిగ్నల్‌లోంచి రొదని తీసెయ్యడం మీద నా పని. మొదటి రెండేళ్ళూ బ్రహ్మాండంగా గడిచాయి. మూడో ఏడు మా గైడ్ గారు ఏడాదిపాటు విదేశం వెళ్ళారు. నాలుగో ఏడు మొదట్లో నేను చేస్తున్న పద్ధతికి చాలా దగ్గర్లో ఉన్న పేపరు ఒకటి వేరేవాళ్ళది వచ్చేసింది. ఆరు నెలలు ఏం చెయ్యాలో తెలీక లాబ్‌లో కూచుని జూనియర్ల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెట్టాను. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న అడిగే మొదటి ప్రశ్న, "ఎప్పటికవుతుందిరా?" పండక్కి ఇంటికెళ్ళడం మానేశాను. ఒకరోజు హైదరాబాదులో స్నేహితుడి గదికొచ్చి, మూడు ఇంటర్వ్యూలకి వెళ్ళి, ఒకదాన్లో సెలెక్టయి, వెనక్కెళ్ళి నా పుస్తకాలు తెచ్చేసుకున్నాను. అంతే.

ఇది మా గైడ్ గారి మీద ఫిర్యాదు కాదు. ఆయన మంచివారు. మాకూ ఆరునెలలకోసారి ఒక కమిటీ ఉండేది. వాళ్ళు అడగాల్సింది అడిగేవాళ్ళు. ఫలితాలేమిటి, పేపరెక్కడికి పంపావు, తర్వాతి అధ్యాయం ఏంటి. అన్నీ థీసిస్ గురించే. నాలుగేళ్ళలో ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు "సరేనయ్యా, నీ సంగతేంటి? దీని తర్వాత ఎటెళ్దామనుకుంటున్నావు? ఏం వచ్చు, ఏం రాదు?" అని అడగలేదు. అడగాలని వాళ్ళకీ తెలీదు, చెప్పాలని నాకూ తెలీదు.

ఉపోద్ఘాతం ఎక్కువైంది. అసలు విషయానికొస్తా.

మావాడికిచ్చిన ఫారం నిన్నా మొన్నా పుట్టింది కాదు. బ్రిటన్లో 1997లో డియరింగ్ కమిటీ ఉన్నతవిద్య మీద ఇచ్చిన రిపోర్టులో ప్రతి విద్యార్థికీ ఒక ప్రోగ్రెస్ ఫైలు ఉండాలంది. అందులో ఒక భాగం మార్కులు. రెండో భాగం, విద్యార్థి తన ఎదుగుదలని తనే చూసుకుని, ఆలోచించుకుని రాసుకునేది. దాన్నుంచే ఈ పీడీపీ వచ్చింది. 2001లో అక్కడి రీసెర్చ్ కౌన్సిళ్ళన్నీ కలిసి పీహెచ్‌డీ విద్యార్థికి ఏమేం రావాలో ఏడు శీర్షికల కింద జాబితా రాశాయి. పరిశోధన నైపుణ్యం ఒకటి. మిగతావాటిల్లో పని నిర్వహణ, నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం, నలుగురితో కలిసి పనిచెయ్యడం, చివరాఖర్న తన ఉద్యోగ జీవితాన్ని తనే చక్కబెట్టుకోవడం ఉన్నాయి.

2002లో సర్ గారెత్ రాబర్ట్స్ అనే ఆయన ప్రభుత్వానికి ఇంకో రిపోర్టిచ్చారు. సైన్సు, ఇంజినీరింగు పీహెచ్‌డీలు చేసినవాళ్ళు తమ సబ్జెక్టు తప్ప వేరే ఏదీ నేర్చుకోకుండా బయటికొస్తున్నారు, ఏడాదికి కనీసం రెండు వారాలు ఇలాంటి నైపుణ్యాల్లో శిక్షణ ఇవ్వండి అని. ప్రభుత్వం ఒప్పుకుని డబ్బు కూడా ఇచ్చింది. 2011 దాకా ఇచ్చింది. ఈలోగా 2004లో క్యూఏఏ అనే నాణ్యతా సంస్థ పరిశోధక విద్యార్థుల నియమావళిలో, వాళ్ళు తమ ఎదుగుదలని రాసిపెట్టుకునేలా ప్రోత్సహించమని యూనివర్సిటీలకి చెప్పింది. 2010లో విటే అనే సంస్థ పరిశోధకుడికి ఉండాల్సిన లక్షణాలన్నిటినీ నాలుగు భాగాలు, పన్నెండు ఉపభాగాలు, 63 అంశాలుగా ఒక చక్రంలో గీసి చూపించింది. మావాడి ఫారం వెనక ఉన్నది ఆ చక్రమే.

అమెరికాలో ఇదే వస్తువుని ఐడీపీ అంటారు. మన కంపెనీల్లో కూడా అదే పేరు కదా. 2012లో సైన్స్ పత్రికవాళ్ళు మై ఐడీపీ అని ఉచితంగా వాడుకునే సాధనం ఒకటి తయారుచేశారు. మన ఇష్టాలూ, విలువలూ, నైపుణ్యాలూ నింపితే ఇరవై రకాల వృత్తుల్లో ఏది ఎంత సరిపోతుందో చూపిస్తుంది. ఎన్ఐహెచ్ 2014 నుంచి తన డబ్బుతో నడిచే ప్రాజెక్టుల రిపోర్టుల్లో ఐడీపీలని ఎలా వాడుతున్నారో రాయమంది. ఎన్ఎస్ఎఫ్ ఇంకో అడుగు ముందుకేసి, 2024 మే నుంచి తన గ్రాంటు మీద చెప్పుకోదగ్గ జీతం తీసుకుంటున్న ప్రతి గ్రాడ్యుయేట్ విద్యార్థికీ, పోస్ట్‌డాక్‌కీ ఐడీపీ ఉండి తీరాలి, ఏడాదికోసారి దాన్ని సరిచూసుకోవాలి అని నియమం పెట్టింది. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ప్లాన్ ఉందని చెప్తే చాలు, ప్లాన్‌లో ఏం రాశారో ఆ సంస్థలకి పంపక్కర్లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మొత్తం కీలకం అక్కడే ఉంది. ఎందుకో చెప్తా.

మన గోల్ షీట్లు ఎందుకు చచ్చిపోతాయి? ఎవరికీ ఎదగాలని లేకా? కాదు. ఆ కాగితం అప్రైజల్‌కి వెళ్తుంది కాబట్టి. మన బలహీనత నిజాయితీగా రాస్తే అది రేటింగు రోజు మనకే తగులుతుంది. నేను మేనేజర్ అయిన కొత్తలో ఒకబ్బాయి అమాయకంగా "నాకు క్లయింటుతో మాట్లాడాలంటే భయం, అది పోగొట్టుకోవాలి" అని రాశాడు. ఆర్నెల్ల తర్వాత రేటింగుల మీటింగులో పైవాడు ఆ లైను చదివి, "ఇతనికి ఆన్‌సైట్ ఎందుకు, తనే రాశాడుగా" అన్నాడు. నేను వాదించాను గానీ గెలవలేదు. ఆ అబ్బాయి తర్వాతి ఏడాది నుంచీ అందరిలాగే "కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరుచుకుంటాను" అని రాయడం నేర్చుకున్నాడు. అంటే ఆ ఫారం వాడికి నిజంగానే ఒకటి నేర్పింది. నిజం రాయకూడదని.

కాబట్టి పీహెచ్‌డీ పిల్లలకి ఇచ్చే ప్లాన్ గనక వాళ్ళ ప్రోగ్రెస్ రివ్యూతో ముడిపడి, గైడ్ మార్కులేసే కాగితంగా మారితే, అదీ ఇంతే. చక్రంలో 63 అంశాలుంటే 63 టిక్కులు పెడతారు. టైమ్ మేనేజ్‌మెంట్ మీద ఒక పూట వర్క్‌షాపుకెళ్ళి సమోసాలు తిని సంతకం పెట్టొస్తారు. అక్కడ సమోసాలుండవేమో, శాండ్‌విచ్‌లుంటాయి. :)

ఇంతవరకూ చదివి, "మరయితే ఇదంతా దండగ అంటావా" అంటే, కాదు. ఉద్యోగం చేసే మనకంటే పరిశోధన చేసే పిల్లలకే ఈ ప్లాన్ ఎక్కువ అవసరం అని నా అభిప్రాయం. మూడు కారణాలు.

ఒకటి. మనకి ప్రాజెక్టు నచ్చకపోతే ఇంకో ప్రాజెక్టుకి మారతాం, మేనేజర్ నచ్చకపోతే కంపెనీ మారతాం. రెండు వారాలకోసారి డెమో ఉంటుంది, ఎక్కడున్నామో తెలుస్తుంది. పీహెచ్‌డీలో ఒకే గైడు, ఒకే సమస్య, నాలుగైదేళ్ళు. మధ్యలో "నువ్వు బాగానే ఎదుగుతున్నావు" అని చెప్పేదేదీ ఉండదు. థీసిస్ ఆగితే మనిషే ఆగిపోయాడనుకుంటాడు. నేను ఆ ఆర్నెల్లూ అలాగే అనుకున్నాను. నిజానికి అప్పటికి నాకు సి భాషలో వేల లైన్ల ప్రోగ్రాము రాయడం వచ్చు, పక్కవాడి కోడ్‌లో తప్పు పట్టుకోవడం వచ్చు, ఎంటెక్ పిల్లలకి లాబ్ చెప్పడం వచ్చు, ఇంగ్లీషులో నలభై పేజీల రిపోర్టు రాయడం వచ్చు. వాటిల్ని నైపుణ్యాలంటారని తెలీదు. ఇంటర్వ్యూలో "నాలుగేళ్ళు ఏం చేశావు" అనడిగితే తల దించుకుని "పీహెచ్‌డీ వదిలేశాను సార్" అన్నాను. వాళ్ళు నన్ను ఫ్రెషర్ జీతానికి తీసుకున్నారు. అందులో వాళ్ళ తప్పేం లేదు, నేను చెప్పుకున్న ధర అది.

రెండు. లెక్కలు. 2010లో రాయల్ సొసైటీ వాళ్ళు ఒక రిపోర్టులో బ్రిటన్ సైన్సు పీహెచ్‌డీలు ఎటు పోతున్నారో బొమ్మ గీసి చూపించారు. 53 శాతం మంది డిగ్రీ అవగానే సైన్సు బయటి పనుల్లోకి వెళ్ళిపోతున్నారు. చివరికి యూనివర్సిటీలో శాశ్వత పరిశోధక ఉద్యోగం దాకా చేరేది 3.5 శాతం. ప్రొఫెసర్ అయ్యేది 0.45 శాతం. అంటే రెండొందల మందిలో ఒక్కడు కూడా నిండడు. కానీ చేరేటప్పుడు చాలామంది మనసులో ఉండేది ఆ ఒక్క కుర్చీయే. నూటికి తొంభై మందికి పైగా వెళ్ళే దారిని "ప్లాన్ బి" అనడం ఏం లెక్కో నాకర్థం కాదు. ప్రొడక్షన్‌లో తొంభై శాతం ట్రాఫిక్ వెళ్ళే కోడ్‌ని టెస్ట్ చెయ్యకుండా వదిలేస్తామా?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గైడ్‌కి తెలిసింది ఒకే దారి. తను నడిచొచ్చిన దారి. పీహెచ్‌డీ చేసి కంపెనీలకి, పేటెంట్ ఆఫీసులకి, పత్రికలకి, ప్రభుత్వ శాఖలకి వెళ్ళినవాళ్ళెవరూ యూనివర్సిటీ వరండాలో కనపడరు. కనపడేవాళ్ళందరూ ఉండిపోయినవాళ్ళే. కాబట్టి గైడ్ ఎంత మంచివాడైనా, తనకి తెలీని దారి గురించి ఏం చెప్పగలడు? విద్యార్థి తనే బయటికి చూడాలి, బయటివాళ్ళని అడగాలి. రాసిపెట్టుకున్న ప్లాన్ లేకపోతే ఆ పని ఎప్పటికీ వచ్చే నెలకి వాయిదా పడుతూనే ఉంటుంది.

ఇక మన దేశం సంగతి. యూజీసీ 2022 నవంబరులో కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెచ్చింది. కనీసం మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు, మళ్ళీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్ళు. మహిళలకీ, నలభై శాతం మించి వైకల్యం ఉన్నవాళ్ళకీ ఆపైన మరో రెండేళ్ళు. ప్రతి విద్యార్థికీ ఒక సలహా కమిటీ, ప్రతి సెమిస్టరూ దాని ముందు ప్రజెంటేషన్. ఏ సబ్జెక్టయినా సరే బోధనలో, రాయడంలో శిక్షణ ఉండాలన్నారు. ఇవన్నీ మా రోజులకన్నా మేలే. కానీ ఆ కమిటీ పనుల జాబితా చూస్తే మళ్ళీ థీసిసే కనిపిస్తుంది. అంశం, పద్ధతి, పురోగతి. మనిషి గురించి ఒక గడి లేదు. ఆ సెమిస్టర్ ప్రజెంటేషన్లోనే చివర ఒక అరగంట, మార్కులూ మినిట్సూ లేకుండా, ఈ మాటలకి కేటాయిస్తే కొత్త కమిటీ అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు.

"గైడ్లకి టైమెక్కడిది" అంటారు. లెక్కేద్దాం. అవే నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎక్కువలో ఎక్కువ ఎనిమిది మంది విద్యార్థులుండొచ్చు. ఒక్కొక్కరికి ఏడాదికి రెండుసార్లు, సారికి గంట చొప్పున వేసుకున్నా పదహారు గంటలు. రెండు పనిదినాలు. ఎనిమిది జీవితాలకి ఏడాదికి రెండు రోజులు ఎక్కువా?

దీనిమీద వినిపించే అభ్యంతరాలు ఇంకో రెండున్నాయి. అవీ చెప్పుకుందాం.

"పరిశోధన అంటేనే తెలీని చోటుకి వెళ్ళడం, దాన్ని ప్లాన్ చెయ్యడమేంటి" అంటారు కొందరు పెద్దలు. నిజమే, ఫలితాన్ని ప్లాన్ చెయ్యలేం. కానీ ఇక్కడ ప్లాన్ చేసేది పరిశోధనని కాదు, పరిశోధకుణ్ణి. వాన ఎప్పుడు పడుతుందో రైతుకీ తెలీదు. అలాగని విత్తనాలు తెచ్చిపెట్టుకోకుండా ఉండడు కదా.

రెండో అభ్యంతరం బరువైంది. దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. "మీరు ఈ కాగితం పిల్లల చేతిలో పెట్టి, నీ ఎదుగుదల నీ బాధ్యత అంటున్నారు. స్టైపెండ్ నెలల తరబడి రాకపోతే, గైడ్ ఇంటిపనులు చేయిస్తుంటే, లాబ్‌లో పరికరం పాడై ఏడాదైతే, అది ఏ గడిలో రాయాలి?" అన్నాడు ఒక మిత్రుడు. న్యాయమైన ప్రశ్న. మన దగ్గర జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000 అయింది, ఆపైన ఎస్ఆర్ఎఫ్ 42,000. ఆ డబ్బు టైముకి పడకపోతే ఎంత గొప్ప ప్లాన్ రాసుకున్నా అద్దె కట్టలేడు. వ్యవస్థ చెయ్యాల్సిన పనిని మనిషి "మైండ్‌సెట్" మీదికి తొయ్యడం మన కంపెనీల్లోనూ చూస్తున్నదే. మనుషుల్ని తగ్గించి, మిగిలినవాళ్ళకి స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసు పెడతారు.

అందుకే నేననేది, ఆ కాగితంలో రెండు నిలువు వరసలుండాలి. ఒకదాంట్లో విద్యార్థి చెయ్యబోయేది. రెండోదాంట్లో గైడూ, సంస్థా చెయ్యబోయేది, తేదీతో సహా. "మార్చికల్లా ఫలానా సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఇప్పిస్తాను. డ్రాఫ్టు ఇచ్చిన మూడు వారాల్లో చదివి తిరిగిస్తాను. ఏడాదికి ఒక కాన్ఫరెన్సుకి పంపిస్తాను." మన భాషలో చెప్పాలంటే డిపెండెన్సీలు రాయని ప్లాన్ ప్లానే కాదు. రెండో వరస ఖాళీగా ఉంటే, ఆలస్యం ఎవరివల్లో కనీసం కాగితం మీద కనపడుతుంది.

సరే, మా అల్లుడికి ఏం చెప్పానో చెప్తాను. సాయంత్రం ఫోన్ చేసి, "పాతది లేదురా, ఉన్నా పంపను. ఓ గంట కూచో, మాట్లాడుకుందాం" అన్నాను. వాడు నిట్టూర్చాడు. వాడి ఫారంలో అప్పటికి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. నేను ఊహించిందే, కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరుచుకుంటాను అని.

"అంటే ఏంట్రా? నీకు మాటలు రావా?"

కాసేపు నసిగాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. వారం వారం గ్రూప్ మీటింగులో అందరూ గబగబా మాట్లాడతారట, అక్కడి యాస సగం అర్థం కాదట, మళ్ళీ చెప్పమంటే ఏమనుకుంటారోనని ఊరుకుంటాడట. నాలుగు నెలల్లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. "వీడికేం రాదనుకుంటున్నారేమో మావయ్యా" అన్నాడు. గొంతు మారింది.

ఇదీ అసలు ప్లాన్‌లో ఉండాల్సింది. కానీ ఇది ఫారంలో రాస్తాడా? నేనైతే రాయను. కాబట్టి ముందు రెండు కాగితాలు చెయ్యమన్నాను. ఒకటి తనకోసం, ఎవరికీ చూపించనిది, తెలుగులో రాసుకున్నా ఫరవాలేదు. రెండోది దాన్నుంచి తీసి సూపర్‌వైజర్‌కి చూపించేది. మొదటిదాంట్లో "భయం" అని ఉంటే, రెండోదాంట్లో "మీటింగుకి ముందురోజే స్లైడ్లు ఇప్పించండి, నేను వారానికి ఒక ప్రశ్న రాసుకుని వస్తాను" అని ఉంటుంది. అబద్ధం లేదు, అవమానమూ లేదు.

తనకోసం రాసుకునే కాగితంలో నాలుగే ప్రశ్నలు. 63 అక్కర్లేదు.

ఇవాళ నాకేం వచ్చు, దానికి రుజువేంటి? రుజువు చూపించలేనిది రాయకూడదు.

వచ్చే ఆర్నెల్లలో నా థీసిస్‌కి కావలసింది, నాకింకా రానిది ఏంటి? ఒకటో రెండో, అంతే. ఎవరి దగ్గర, ఎప్పటికి నేర్చుకుంటాను?

నేను ప్రొఫెసర్ కాకపోతే ఏమవుతాను? రెండు దారులు రాయాలి. ఒక్కో దారిలో ఉన్న మనిషి ఒకణ్ణి మూడు నెలలకోసారి పలకరించాలి. ఉద్యోగం అడగడానికి కాదు, వాళ్ళ సోమవారం పొద్దున్న ఎలా ఉంటుందో అడగడానికి. బ్రిటన్లో పీహెచ్‌డీ అయినవాళ్ళకి గ్రాడ్యుయేట్ వీసా మీద మూడేళ్ళు ఉండే వీలుంది. ఆ మూడేళ్ళు మొదలయ్యాక వెతుక్కోవడం కాదు, ఇప్పట్నుంచే తెలుసుకోవాలి.

నాలుగోది వాడికి నచ్చలేదు. ఏం జరిగితే నేను దారి మార్చుకుంటాను, ఆ మాట ముందు ఎవరితో చెప్తాను? "మొదట్లోనే వదిలెయ్యడం గురించి రాసుకోమంటావేంటి మావయ్యా, అపశకునంలా" అన్నాడు. వదిలెయ్యమని కాదురా నాయనా. ప్రతి రిలీజుకీ రోల్‌బ్యాక్ ప్లాన్ రాస్తాం, అంటే రిలీజ్ ఫెయిలవ్వాలని కోరుకుంటున్నామా? రాసుకున్నవాడు అర్ధరాత్రి కంగారుపడకుండా నిర్ణయం తీసుకుంటాడు. రాసుకోనివాడు నాలాగా ఆర్నెల్లు దాక్కుని, ఒక రోజు చెప్పాపెట్టకుండా పుస్తకాలు సర్దుకుంటాడు. రెండో ఏడాదిలో నాకీ నాలుగో ప్రశ్న ఉండుంటే, సమస్యని చిన్నది చేసుకుని పూర్తి చేసుండేవాణ్ణి, లేదా అప్పుడే తలెత్తుకుని బయటికొచ్చుండేవాణ్ణి. రెండిట్లో ఏదైనా నాకు సమ్మతమే. వదిలేసినందుకు నాకు పెద్ద బాధ లేదు, ఈ పని నాకిష్టమే. నేను ఓడిపోయానని ఇరవయ్యేళ్ళు నమ్మాను చూడండి, అదీ నష్టం.

ఇదంతా మనలాంటి సాఫ్ట్‌వేరు వాళ్ళకెందుకు అంటారా? ఎందుకంటే ఆ పిల్లల్లో చాలామంది చివరికి వచ్చేది మన దగ్గరికే. ఇంటర్వ్యూ టేబులుకి ఇవతల కూచునేది మనమే. పీహెచ్‌డీ మధ్యలో ఆపినవాడు ఎదురొస్తే "గ్యాప్ ఎందుకు" అని కాకుండా "ఆ మూడేళ్ళలో పరిష్కరించిన కష్టమైన చిక్కు ఒకటి చెప్పు" అని అడగొచ్చు. అలాగే మనలో ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చెయ్యాలనుకునేవాళ్ళూ తక్కువేం లేరు. 2022 నిబంధనలు దానికి ఒప్పుకుంటాయి. కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, అందులో పరిశోధనకి సరిపడా సమయం ఇస్తామని రాయాలి. రిలీజు వారంలో ఆ "సరిపడా సమయం" ఏమవుతుందో మనకి తెలుసు. కాబట్టి చేరకముందే ఆ రెండు వరసల కాగితం రాసుకుని, రెండో వరసలో మేనేజర్‌తో మాట్లాడి తేదీలు వేయించుకోండి. ఒప్పుకోకపోతే, చేరకముందే తెలిసింది కదా.

మావాడు ఆదివారం రాత్రి ఫారం పంపించేశాడు. పోయిన వారం మళ్ళీ ఫోన్ చేశాడు. మీటింగులో ప్రశ్న అడిగాడట. పెద్ద గొప్ప ప్రశ్నేం కాదట. దానికి సూపర్‌వైజర్ "అది నాకూ సరిగ్గా తెలీదు, నువ్వు చూసి చెప్పు" అన్నాడట. ఇప్పుడు ఆ పని నెత్తిన పడిందని విసుక్కుంటున్నాడు గానీ, గొంతులో సంతోషం దాగలేదు.

మీ ఇంట్లోనో, బంధువుల్లోనో, పాత క్లాస్‌మేట్లలోనో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఈ వారం ఒకసారి ఫోన్ చెయ్యండి. "థీసిస్ ఎప్పటికవుతుంది" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్న వాళ్ళకి రోజూ ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. "నువ్వెలా ఉన్నావు, ఈ ఏడాది ఏం నేర్చుకున్నావు, తర్వాత ఎటు?" అని అడిగి, సమాధానం వచ్చేదాకా ఆగండి. కాస్త టైము పడుతుంది.